అందరి డబ్బూ నా చేతుల మీదుగా వెళ్లాలంటున్నారు

రష్యాలో వోల్గా ఒడ్డునున్న ఒక నగరంలో మెడిసిన్ మూడో ఏడు చదువుతున్న అమ్మాయి ఉత్తరం ఇది. సొంతూరు పల్నాడు వైపు. పేరు, కాలేజీ పేరు వేయొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాను.

వాళ్ల గ్రూపులో 14 మంది. ఆరుగురు తెలుగువాళ్లు, మిగతావాళ్లు కేరళ, తమిళనాడు, రాజస్థాన్ పిల్లలు. రష్యన్ కాస్త బాగా మాట్లాడుతుందని ఈ ఏడు ఈ అమ్మాయిని స్టారోస్తాను చేశారు. మన క్లాస్ లీడర్ లాంటి పనే. హాజరు జర్నల్ రాయాలి, డీన్ ఆఫీసు చెప్పే సంగతులు అందరికీ చేరవేయాలి, అందరి మార్కుల పుస్తకాలూ పట్టుకెళ్లి టీచర్ల సంతకాలు పెట్టించాలి. ఇప్పుడు ఫార్మకాలజీ జచోత్ (పాసా, ఫెయిలా అని మాత్రమే తేల్చే పరీక్ష) దగ్గరపడింది. ఐదో ఏడు చదువుతూ, వీళ్లను పంపిన కన్సల్టెన్సీ తరఫున అక్కడ పనులు చూసే ఒక సీనియర్ వచ్చి, తలకు 5,000 రూబుళ్లు వసూలు చేసి కవర్‌లో పెట్టి తనకివ్వమన్నాడు. ఆ సబ్జెక్టు చెప్పే మేడమ్‌కి తానే చేరుస్తాడట. "ఇది స్టారోస్తా పనే, నీకు ముందున్నవాడు చేశాడుగా" అన్నాడు. మేడమ్ మాత్రం ఈ అమ్మాయితో ఎప్పుడూ డబ్బు మాటెత్తలేదు. ఒకరోజు క్లాసయ్యాక జర్నల్ మూస్తూ, "మీ గ్రూపులో ఒత్రబోత్కాలు చాలా మిగిలాయి, ఎలా తేల్చుకుంటారో చూసుకోండి" అన్నారంతే. (ఒత్రబోత్కా అంటే పోయిన క్లాసుకు బదులు తర్వాత వెళ్లి పాఠం అప్పజెప్పి రావడం.)

గ్రూపులో ఇద్దరు ఇవ్వబోమన్నారు. ఒకరు శ్రీకాకుళం అబ్బాయి, ఇంటి దగ్గర అంత డబ్బు లేదు. ఇంకొకరు కేరళ అమ్మాయి, బాగా చదువుతుంది, నేనెందుకివ్వాలి అంటుంది. "వాళ్లిద్దరి వల్ల అందరం పోతాం" అని వాట్సాప్ గ్రూపులో మిగతావాళ్లు గొడవ చేస్తున్నారు. కిందటేడు అనాటమీకి ఈ అమ్మాయి కూడా అందరితో పాటు డబ్బిచ్చింది, ఇప్పుడు సీనియర్ ఆ సంగతి ఎత్తుతున్నాడు. వాళ్ల నాన్నగారు అరెకరం అమ్మి, బ్యాంకు లోను తీసుకుని పంపారు. "పరాయి దేశంలో మనకెందుకమ్మా గొడవ, ఇచ్చెయ్" అంటున్నారు.

ఉత్తరం చివర్లో ఒక ప్రశ్న ఉంది. అది ఆమె మాటల్లోనే ఇస్తున్నాను: "మా పక్క గదిలో ఉండే రష్యన్ అమ్మాయితో చెప్పుకున్నాను. ఆ అమ్మాయి అల్యోనా లెదెనెవా రాసినవి చదవమంది. రష్యాలో అవినీతి మీదా, పైకి చెప్పుకోని పద్ధతుల మీదా పని చేసే రాజనీతి శాస్త్రవేత్త అట. కొంత చదివాను. ఇక్కడ ఇలాంటివి ఎప్పటినుంచో ఉన్నాయనీ, బతకడానికి జనం కనిపెట్టుకున్న దారులనీ అర్థమైంది. అయితే ఇది వీళ్ల పద్ధతి అనుకుని ఊరుకోవాలా? మధ్యలో నేనెవర్ని తప్పు పట్టడానికి? రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు."

అమ్మా, మీ భయం లేనిపోని భయం కాదు. ముందు ఆ మాట చెప్పాలి. మన జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశంలో కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఆ పైన 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా అక్కడే చేయాలి, మొదటి నుంచి చివరిదాకా ఒకే కాలేజీ అయి ఉండాలి. కాబట్టి ఇక్కడ చెడితే ఇంకో కాలేజీకి మారదాంలే అనుకునే వీలు మీకు లేదు. ఆ సంగతి మీ సీనియర్‌కి బాగా తెలుసు. మీ వెనక అమ్మేసిన పొలం ఉందనీ, లోను వాయిదాలు ఉన్నాయనీ కూడా తెలుసు. ఆ ధైర్యంతోనే అడుగుతున్నాడు.

ఇక లెదెనెవా. మీ స్నేహితురాలు మంచి పేరే చెప్పింది. కానీ మీరు సగం దగ్గర ఆగిపోయినట్టున్నారు. ఆమె సైబీరియాలోని నోవోసిబిర్స్క్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి, కేంబ్రిడ్జ్‌లో డాక్టరేట్ చేసి, లండన్ యూనివర్సిటీ కాలేజీలో ప్రొఫెసరయ్యారు. 1998లో వచ్చిన పుస్తకంలో సోవియట్ కాలపు బ్లాత్ (తెలిసినవాళ్ల ద్వారా పనులు జరిపించుకోవడం) గురించి రాశారు. ఆ రోజుల్లో జేబులో రూబుళ్లున్నా దుకాణంలో సరుకు ఉండేది కాదు. మాంసం, మంచి బూట్లు, రైలు టికెట్, పెద్ద డాక్టరు అపాయింట్‌మెంట్, అన్నింటికీ తెలిసినవాళ్లు కావాలి. వంద రూబుళ్లు ఉండే కంటే వంద మంది స్నేహితులు ఉండటం మేలని వాళ్ల సామెత. మాంసం కొట్టు మేనేజరు వెనక తలుపు దగ్గర మంచి ముక్క చుట్టి ఇస్తాడు. ఎప్పుడో ఆయన కూతురికి పన్ను నొప్పి వస్తే, మీ అక్క ఆ అమ్మాయిని క్యూ లేకుండా డాక్టరు దగ్గరికి పంపిస్తుంది. మధ్యలో డబ్బు మారదు, లెక్కా ఉండదు. కానీ ఆ మాంసం మేనేజరుది కాదు. బయట చలిలో క్యూ కట్టినవాళ్లకు చెందాల్సింది. లెదెనెవా ఈ రెండో సంగతిని ఎక్కడా దాచలేదు. ఆ సాయం వల్ల జనం బతికారన్నది నిజం, అది ఇంకొకరి వాటా అన్నదీ నిజం. ఆమె రాతల్లో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఒక జబ్బు ఎలా వస్తుందో ఓపిగ్గా వివరించే ప్రొఫెసరు ఆ జబ్బు మంచిదని చెబుతున్నట్టు మీరు ఎప్పుడూ అనుకోరు కదా, ఇదీ అంతే.

ఆమె గమనించిన ఇంకో సంగతి మీ గ్రూపుకు అచ్చంగా సరిపోతుంది. మీరు బ్లాత్ వాడారా అని అడిగితే జనం లేదనేవారట. మేం స్నేహితుడికి సాయం చేశాం అనేవారు. అదే పని పక్కింటివాళ్లు చేస్తే మాత్రం బ్లాత్. మనమూ అంతే. మనవాడికి చెప్పి చేయించుకుంటే మాట సాయం, ఎదుటివాడు చేయించుకుంటే పైరవీ. మీ వాట్సాప్ గ్రూపులో మాటలు ఒకసారి మళ్లీ చదవండి. "మేడమ్‌ని మనం చూసుకోవాలి" అని రాసేవాళ్లలో ఒక్కరు కూడా లంచం అనే మాట వాడి ఉండరు.

అయితే మీ దగ్గరికొచ్చింది ఆ పాత బ్లాత్ కూడా కాదు. బ్లాత్‌లో ఏళ్ల తరబడి పరిచయం ఉంటుంది, ముఖం చూసి చేస్తారు, ధర కట్టరు. మీకు వచ్చింది తలకు 5,000 అనే రేటు. 1990ల్లో మార్కెట్ వచ్చాక సరుకుల కొరత పోయి డబ్బు కొరత మొదలైందనీ, పాత పరిచయాల స్థానంలో చాలాచోట్ల నోట్లు వచ్చాయనీ ఆమే రాశారు. కాబట్టి "ఇది ఇక్కడి సంప్రదాయం" అనే మాటను మీరు ఒప్పుకోనక్కర్లేదు. మీ పక్క గది అమ్మాయే చూడండి, రష్యనే కదా, సంప్రదాయమే అయితే ఇంత బాధపడి మీకు పుస్తకం చెప్పేదా? ఉత్తరంలో ఒకచోట "ఈ దేశమే ఇంత" అని రాశారు. అలా అనుకోవద్దు. దేశాల్లో అవినీతిని అంచనా వేసే ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ 2024 సూచీలో (మార్కులు ఎక్కువైతే అవినీతి తక్కువని అర్థం) రష్యాకు 100కి 22 వచ్చాయి, మన దేశానికి 38. మనం వాళ్లకు నీతులు చెప్పేంత ఎత్తులో ఏమీ లేము.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన చోటికి వస్తాను. డబ్బడిగింది సీనియర్. ఇవ్వనన్నది శ్రీకాకుళం అబ్బాయి, కేరళ అమ్మాయి. గ్రూపు కోపం ఎవరి మీద? ఆ ఇద్దరి మీద. అడిగినవాడిని ఒక్కరూ ఏమీ అనలేదు. ఇది ఎలా జరుగుతుందో లెదెనెవా 2006లో వచ్చిన పుస్తకంలో ఒక అధ్యాయమంతా రాశారు. జార్ల కాలంలో రష్యా పల్లెల్లో క్రుగవాయా పొరూకా అనే ఏర్పాటు ఉండేది. పన్ను ఊరందరి మీదా ఉమ్మడిగా వేసేవారు. ఒకడు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. 1903లో ఆ చట్టాన్ని తీసేశారు. తీసేసినా ఆ అలవాటు కొత్త రూపాల్లో బతికే ఉందని ఆమె చూపిస్తారు. ఇందులో పైవాడికి ఉన్న సుఖం చూడండి. ఆయన ఎవరినీ బెదిరించనక్కర్లేదు. ఊరివాళ్లే ఒకరినొకరు కాపలా కాస్తారు, కట్టలేనివాడి గుమ్మం ముందు వాళ్లే నిలబడతారు. మీ సీనియర్ "ఇచ్చినవాళ్లు పాస్" అని చెప్పి ఊరుకోలేదు, "అందరూ ఇస్తేనే" అన్నాడని మీరు రాశారు. ఆ ఒక్క మాటతో మీ 14 మందిని ఒకరి మీదకు ఒకరిని తోశాడు. వసూలు పని మీకప్పగించి, ఆ తిట్లు తినే పనీ మీకే అప్పగించాడు. రాత్రి నిద్ర పట్టకపోవడానికి సగం కారణం ఇదే అనుకుంటాను. స్నేహితుల దగ్గర మిమ్మల్ని వసూలుదారుగా నిలబెట్టాడు.

అనాటమీ సంగతి ఎత్తడం కూడా ఇందులో భాగమే. ఒకసారి ఇచ్చినవాళ్లు బయటికి చెప్పలేరు, చెబితే తామూ ఇరుక్కుంటారు. ఒకరి గుట్టు ఒకరి చేతిలో పెట్టుకుని అందరూ నోరు మూసుకోవడం గురించి కూడా ఆ పుస్తకంలోనే ఉంది. మీరు రెండో ఏట, కొత్తగా వచ్చిన భయంలో, అందరితో పాటు ఇచ్చారు. అందువల్ల ఇప్పుడు వసూలు చేయాల్సిన బాధ్యత మీకు రాదు. "నువ్వూ ఇచ్చావుగా" అంటే, అవును ఇచ్చాను, ఈసారి ఇవ్వను అని చెప్పొచ్చు. అంతకు మించి జవాబు అక్కర్లేదు.

ఇంకో సంగతి ఆలోచించండి. ఈ డబ్బు మేడమ్‌కి చేరుతుందని మీకు ఎలా తెలుసు? ఆమె మీతో అన్నది ఒత్రబోత్కాల గురించి ఒకే ఒక్క వాక్యం. దాన్ని లంచం అడగడంగా తీసుకోవచ్చు, నిజంగానే పిల్లలు క్లాసులు తేల్చుకోవాలనే టీచరు మాటగానూ తీసుకోవచ్చు. ఇలాంటి రెండర్థాల మాటల మీదే ఈ వ్యవహారాలన్నీ నడుస్తాయి. మన ఊళ్లలో ఉద్యోగం ఇప్పిస్తామని పది మంది దగ్గర తీసుకునే దళారులను చూశాం. ఎలాగూ వచ్చేవాళ్ల డబ్బు జేబులో వేసుకుంటారు, రానివాళ్లది తిరిగిచ్చేసి నిజాయితీపరులని పేరు తెచ్చుకుంటారు. పైన ఉన్న అధికారికి ఆ సంగతే తెలియదు. మీ దగ్గర అదే జరుగుతోందని నేననను. జరగడానికి వీలుందని మాత్రం అంటాను. అలా అయితే మీరు చేస్తున్నది మేడమ్‌ని కాపాడటమూ కాదు, గ్రూపుని కాపాడటమూ కాదు.

దీన్ని తేల్చుకునే మార్గం ఒకటుంది. మేడమ్ దగ్గర డబ్బు ఊసు ఎత్తకండి. గ్రూపులో ఎవరెవరికి ఏ తేదీల ఒత్రబోత్కాలు మిగిలాయో ఒక కాగితం మీద వరసగా రాసి పట్టుకెళ్లండి. "వీటిని ఏ రోజుల్లో, ఏ టాపిక్ మీద పూర్తి చేయమంటారు? మీరు చెప్పిన తేదీలు గ్రూపుకు చెబుతాను" అని అడగండి. స్టారోస్తాగా అది మీ హక్కు. ఆమె తేదీలు రాసిచ్చారా, సగం సమస్య అక్కడే తీరింది, సీనియర్ మాటలో ఎంత నిజముందో కూడా మీకే తెలిసిపోతుంది. తేదీలివ్వకుండా మళ్లీ "మీరే చూసుకోండి" అంటే అదీ ఒక సమాచారమే. ఏ రోజు ఏమన్నారో మీ నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి.

ఒత్రబోత్కాల మీద ఇంత పట్టు పట్టడానికి కారణం ఉంది. నియమాలు ఎన్ని ఉంటాయంటే, ప్రతివాడూ ఏదో ఒకటి తప్పుతూనే ఉంటాడు. శిక్ష వెంటనే పడదు, పక్కన పెట్టి ఉంచుతారు, కావాల్సినప్పుడు బయటికి తీస్తారు. రష్యాలో పాలన ఇలా నడుస్తుందని లెదెనెవా రాసింది పెద్ద వ్యాపారుల గురించి, అధికారుల గురించి. విదేశీ విద్యార్థికి కూడా అది వర్తిస్తుంది. పోయిన క్లాసులు, హాస్టల్ రిజిస్ట్రేషన్, వీసా పొడిగింపు కాగితాలు, ఫీజు రసీదులు, వీటిలో ఏది సరిగ్గా లేకపోయినా ఎవరికో ఒకరికి మీ మీద పట్టు దొరుకుతుంది. ధైర్యం తెచ్చుకోమని నేను ఊరికే చెబితే రాదు. ఈ వారం కూర్చుని మీ కాగితాలన్నీ చూసుకోండి, మీ సొంత ఒత్రబోత్కాలు ముందు ముగించండి. అప్పుడు ధైర్యం దానంతటదే కొంత వస్తుంది.

ఇక మీ ముందున్న దారులు.

సీనియర్ చెప్పినట్టు వసూలు చేసి ఇచ్చేయడం ఒకటి. జచోత్ గట్టెక్కొచ్చు. కానీ చట్టం దృష్టిలో మీ స్థానం మిగతా 13 మందిలా ఉండదు. రష్యా క్రిమినల్ కోడ్‌లో లంచం తీసుకుంటే 290వ అధికరణ, ఇస్తే 291. మధ్యవర్తిగా ఉంటే 291.1, దాన్ని 2011లో చేర్చారు. 10,000 రూబుళ్లు దాటని లంచాలకు 2016లో శిక్ష తక్కువ ఉండే వేరే అధికరణ తెచ్చారు. 25,000 దాటితే కేసు తీవ్రత పెరుగుతుంది. మీ స్నేహితుల్లో ఒక్కొక్కరూ ఇచ్చేది 5,000. మీ చేతిలో ఉండేది 70,000. కోర్టు దాన్ని ఎలా లెక్కేస్తుందన్నది లాయరు చెప్పాలి గానీ, ఆ కవర్ పట్టుకున్న మనిషి మీరే అన్నది మాత్రం ఎవరైనా చెప్పగలరు. వాట్సాప్‌లో "నీదెప్పుడిస్తావ్" అని అడిగిన మెసేజ్‌లూ మీవే అవుతాయి. కేసైతే వీసా, చదువు రెండూ ప్రమాదంలో పడతాయి. ఇది ఒక్క ఫార్మకాలజీతో ఆగదు కూడా. తర్వాత పాథాలజీ, మైక్రోబయాలజీ ఉన్నాయి. ఒకసారి వసూలు చేసి చూపించిన స్టారోస్తాని వాళ్లు వదులుకోరు.

వసూలు చేయను గానీ నా వాటా నేనిస్తాను అనడం రెండో దారి. చాలామంది ఇలాగే చేస్తారు. మీరూ ఇదే చేస్తే నేను మిమ్మల్ని చెడ్డదానివని అనను. మీ మీద 70,000 బరువు ఉండదు. అయినా ఇచ్చింది లంచమే, చిన్న మొత్తమైనా నేరమే. వచ్చే సెమిస్టర్‌లో "రెండుసార్లు ఇచ్చావుగా" అంటారు. ఇంకో మాట కూడా చెప్పాలి. తిరిగొచ్చాక మీరు రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈలో (విదేశంలో మెడిసిన్ చదివినవాళ్లు మన దేశంలో ప్రాక్టీసు చేయాలంటే రాయాల్సిన పరీక్ష) 300కి 150 తెచ్చుకోవాలి. అక్కడ ఫార్మకాలజీ ప్రశ్నలు తప్పవు. విదేశాల్లో చదివొచ్చి ఆ పరీక్ష తప్పుతున్నవాళ్లు ఎక్కువ. ఇక్కడ డబ్బిచ్చి దాటేసిన ప్రతి సబ్జెక్టూ అక్కడ మళ్లీ ఎదురొస్తుంది, ఈసారి కోచింగ్ ఫీజుతో సహా.

డబ్బు పట్టుకోను, ఇవ్వను, చదివి రాస్తాను అనడం మూడోది. ఇందులో ఇబ్బంది లేదని చెప్పను. జచోత్ మొదటిసారి పోవచ్చు. గ్రూపులో కొన్నాళ్లు మాటలుండకపోవచ్చు. కానీ మీరు అనుకుంటున్నట్టు ఒక్కసారి పోతే పంపించేయరు. రష్యా విద్యా చట్టం 58వ అధికరణ ప్రకారం పోయిన సబ్జెక్టును మళ్లీ రాయడానికి రెండు అవకాశాలుంటాయి. రెండోసారి ఒక్క టీచరే కాకుండా కమిషన్, అంటే కొందరు పరీక్షకుల బృందం, కూర్చోవాలి. ఈ పరీక్షలకు విద్యార్థి దగ్గర ఫీజు తీసుకోకూడదని కూడా అక్కడే ఉంది. కమిషన్ అంటే మీవాళ్లకు హడల్ అని ఉత్తరంలో రాశారు. నిజానికి టీచరు కావాలని ఆపుతుంటే కమిషనే మీకు రక్ష, ఎందుకంటే నలుగురి ముందు చదివిన పిల్లను తప్పించడం ఒంటరిగా తప్పించినంత తేలిక కాదు. ఈ దారిలో మీరు ఒంటరి కూడా కాదు. ఆ ఇద్దరూ ఉన్నారు. ఇన్నాళ్లూ వాళ్లను సమస్యగా చూశారు. రేపే వెళ్లి వాళ్ల దగ్గర కూర్చోండి. కేరళ అమ్మాయికి సబ్జెక్టు వచ్చు, మీకు భాష వచ్చు. ముగ్గురూ కలిసి రోజూ సాయంత్రం మందుల పట్టికలు వల్లె వేసుకుంటే, ఇంకో ఇద్దరు ముగ్గురు తప్పకుండా వచ్చి చేరతారు. డబ్బు లేక, చెప్పుకోలేక ఊరుకున్నవాళ్లు మీ గ్రూపులో ఇంకా ఉండే ఉంటారు.

ఫిర్యాదు నాలుగోది. రష్యాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో అవినీతి మీద సమాచారం ఇవ్వడానికి ఫోన్ నంబరో, మెయిలో ఉంటుంది, మీ విశ్వవిద్యాలయం సైట్‌లో రష్యన్ పేజీల్లో వెతకండి. లంచం ఇచ్చినవాళ్లు, మధ్యవర్తిగా ఉన్నవాళ్లు తమంతట తామే వెళ్లి చెప్పి దర్యాప్తుకు సాయపడితే శిక్ష లేకుండా వదిలే వీలు అక్కడి చట్టంలో ఉంది. అనాటమీ భయం ఉన్న మీకు ఇది తెలిసి ఉండటం మంచిది. కానీ తొందరపడొద్దు. మేడమ్ మిమ్మల్ని డబ్బడగలేదు. ఆమె పేరు పెట్టి ఫిర్యాదు చేస్తే, ఆమెది తప్పు లేకపోతే మీరు ఒక మనిషికి అన్యాయం చేసినవాళ్లవుతారు, తప్పున్నా రుజువు మీ దగ్గర లేదు. మీతో డబ్బు మాట మాట్లాడింది సీనియర్, అతని వెనక కన్సల్టెన్సీ. చెబితే అది చెప్పాలి, మీరు విన్నదే, అతని మాటల్లోనే. అదీ ముందు అక్కడి లాయరుతో ఒకసారి మాట్లాడాక, ఒక్కరే కాకుండా ఇంకో ఇద్దరితో కలిసి. మాస్కోలోని మన రాయబార కార్యాలయం మార్కుల విషయంలో ఏమీ చేయలేదు గానీ, ఏజెంట్ల బెదిరింపులుంటే వాళ్లకు మెయిల్ పెట్టి ఉంచడం మంచిది.

మీరు నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. మీ స్థానంలో మా అమ్మాయి ఉంటే మూడో దారి పట్టమంటాను, నాలుగోది అవసరమైతే వాడుకోవడానికి సిద్ధంగా ఉంచుకోమంటాను. దీనికి లెదెనెవా 2013 నాటి పుస్తకమే నాకు ఆధారం. అందులో ఆమె చెప్పేది ఇది: లోపాయికారీ దారులు ఈ రోజు పని జరిపిస్తాయి, అందుకే అందరూ వాడతారు, కానీ వాడిన కొద్దీ మామూలు దారి ఇంకా మూసుకుపోతుంది, రేపు మళ్లీ వీటినే వాడాల్సి వస్తుంది. దేశాన్ని ఏలేవాళ్లు కూడా తాము పెంచిన ఈ ఉచ్చు నుంచి బయటపడలేకపోతున్నారని రాశారు. మీరు దేశాన్ని మార్చనక్కర్లేదు. మీకు ఇంకా మూడేళ్ల చదువుంది. ఆ మూడేళ్లూ ప్రతి సెమిస్టర్‌కీ ఈ కవర్ మోస్తూ ఉండాలా, లేక ఒక్క సెమిస్టర్ కష్టపడి ఇందులోంచి బయటికి రావాలా అన్నదే మీ ముందున్న ప్రశ్న. జవాబు మీదే. ఇంటి పరిస్థితి నాకంటే మీకు తెలుసు.

సీనియర్‌తో గొడవ పెట్టుకోవద్దు, నీతి చెప్పొద్దు. ఫోన్లో వద్దు, ఎదురుగా చెప్పండి: "అన్నా, జర్నల్ పని, డీన్ ఆఫీసు పని నేను చేస్తాను. డబ్బు మాత్రం నా చేతికి రాకూడదు. ఎవరిస్తున్నారో, ఎంతిస్తున్నారో నాకు చెప్పొద్దు." ఎందుకని అడిగితే, "నాకు భయం" అనండి చాలు. అది నిజమే కదా. ఇంకా ఒత్తిడి చేస్తే స్టారోస్తాగా తప్పించమని డీన్ ఆఫీసుకు దరఖాస్తు ఇవ్వండి, చదువుకు టైమ్ చాలడం లేదని రాస్తే సరిపోతుంది. అతని మెసేజ్‌లు డిలీట్ చేయకండి. మీరు మాత్రం గ్రూపులో డబ్బు గురించి ఒక్క అక్షరం రాయకండి.

మార్చి 8న టీచర్లకు పువ్వులు, చాక్లెట్ డబ్బా ఇచ్చాం, అదీ లంచమేనా అని అడిగారు. కాదమ్మా. 3,000 రూబుళ్లు దాటని మామూలు కానుకలకు అక్కడి పౌర చట్టమే వీలిచ్చింది. అందరూ కలిసి, అందరి ముందు, ఏ మార్కూ ఆశించకుండా ఇచ్చిన పువ్వులకు ఈ కవర్‌తో సంబంధం లేదు. దాని గురించి మనసు పాడు చేసుకోకండి.

నాన్నగారికి చెప్పడం అన్నింటికంటే కష్టమని రాశారు. ఆయన "ఇచ్చెయ్" అన్నది మీ మీద ప్రేమతోనే. 5,000తో కూతురికి గండం గడుస్తుందని అనుకుంటున్నారు. మీ చేతుల మీదుగా వెళ్లాల్సింది 70,000 అని, పట్టుబడితే కేసు మీ పేరు మీద ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఒకసారి తప్పితే పంపించేయరనీ, ఇంకా రెండు అవకాశాలుంటాయనీ కూడా ఆయనకు తెలియదు. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిందే ఆయనకు తెలిసింది. ఈ ఆదివారం తీరిగ్గా ఫోన్ చేసి, అమ్మను కూడా పక్కన కూర్చోమని, ముందు ఆ 70,000 సంగతి చెప్పండి, తర్వాత ఆ రెండు అవకాశాల సంగతి. ఆయన ఏమంటారో అప్పుడు వినండి.